ఎర్రబీడులో ఒక గడియ చూపు

నమోదు 1. సందర్శనకు ముప్ఫై రోజులు.

సిరాతో రాయాలి. కొట్టివేతలు ఉండకూడదు. చూసింది తప్ప విన్నది రాయకూడదు. నమోదు పుస్తకం మొదటి పేజీలో అచ్చువేసిన నిబంధనలు ఈ మూడూ. మొదటిది పాటిస్తాను. రెండోదానికి ప్రయత్నిస్తాను. మూడోదాని సంగతంటారా, ముప్ఫై ఏళ్ళు నీళ్ళ ట్యాంకరు తోలినవాణ్ణి విన్నది చెప్పొద్దనడం న్యాయం కాదు.

నా పేరు మద్దిలేటి. డెబ్భై రెండేళ్ళు. ఎర్రబీడు రక్షిత ప్రాంతానికి చూపుల మేస్త్రీని. ఈ బీడును చూడ్డానికి ఎవరైనా వస్తే ఏ రోజున, ఏ దారిన తీసుకుపోవాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏం చూపించాలో నిర్ణయించేది నేను. గోడలకు మేస్త్రీ ఉన్నట్టే చూపులకూ ఉంటాడు. గోడ వంకరైతే కూల్చి మళ్ళీ కట్టుకోవచ్చు, చూపు వంకరైతే అంతే సంగతులు.

ఈ రోజు నీళ్ళ పంపకాలు చూసే నీటిసభ నుంచి కబురొచ్చింది. తెచ్చిన మనిషి మొదట నోటితో చెప్పి, తర్వాత కాగితం ఇచ్చాడు. ముప్ఫై రోజుల తర్వాత ప్రమాణసాక్షి వస్తుంది. ఒక్క గడియసేపు, అంటే ఇరవై నాలుగు నిమిషాలు, బీడును చూస్తుంది. ఆ గడియలో బట్టమేక పిట్ట కంటబడిందా, తొంభై కిలోమీటర్ల అవతల నుంచి మన తొట్లకు నీళ్ళు తెచ్చే పైపు ఉంటుంది. కంటబడలేదా, మూసేస్తారు.

పైపు మూస్తే జింకలు ఎటో ఒక వైపు పోతాయి. బీడు అంచున పదకొండు గుడిసెలున్నాయి, గొర్రెలు కాచుకునేవాళ్ళవి. అవి ఎటూ పోలేవు. కాగితాల్లో ఆ నీళ్ళు వన్యప్రాణులకు మాత్రమే. తొట్లలో మిగిలినవి ఈ గుడిసెలవాళ్ళూ వాళ్ళ మందలూ తాగుతారు. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ బాధ కలగలేదు. ఆ పదకొండింట్లో ఒకటి మా వదిన సుంకులమ్మది. మా అన్న పోయాక కూడా మందను వదల్లేదు. ఒక కరువులో ఆమెను తీసుకుపోయి కాలనీ గదుల్లో నలభై రోజులు పెట్టారు. నలభై ఒకటో రోజు నడిచి వచ్చేసింది. అడిగితే, "నాలుగడుగులు వేస్తే గోడ, ఇంకో నాలుగు వేస్తే ఇంకో గోడ. నాకు ఎనక్కి తిరుక్కునేదానికే సరిపాయ" అంది.

ఈ ఉదయం ఎద్దులబోడు గుట్ట దగ్గర కూర్చుని లెక్కపెట్టాను. బట్టమేకలు ఆరు. ఒకటి మగది. ఇంకేం భయం లేదు.

నమోదు 3. ఇరవై ఎనిమిది రోజులు.

బీడుకు ఇన్‌ఛార్జి ఉదయభాస్కర్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మంచివాడు, నిద్ర సరిగా పట్టనివాడు. నన్ను "మేస్త్రీగారూ" అంటాడు, కోపమొస్తే "పెద్దాయనా" అంటాడు.

"ఒక్క మంచి వీడియో పంపించే రోజులే బాగుండేవి" అన్నాడు నిట్టూరుస్తూ.

ఆ రోజులు నాకు తెలుసు. యంత్రాలు ఎలాంటి బొమ్మనైనా చేసిపెట్టడం మొదలెట్టాక, మాకు పక్కనున్న ఒక రక్షిత ప్రాంతంవాళ్ళు నలభై బట్టమేకలు గుంపుగా ఎగురుతున్న బొమ్మ తయారుచేయించి సభకు పంపారు. పిట్టల వెనకాల ఏనుగులు కూడా నడుస్తున్నాయి. అడిగినవాటికంటే ఎక్కువ ఇవ్వడం ఆ యంత్రాలకు అలవాటు. అప్పటి నుంచి బొమ్మకూ గొంతుకూ అచ్చు అక్షరానికీ విలువ పోయింది. ఒక మనిషి కళ్ళారా చూసి, ప్రమాణం చేసి, నోరారా చెబితేనే సాక్ష్యం. ఆ కళ్ళను పాడుచేసే తెలివిగల యంత్రం ఏదీ ఇరవై కిలోమీటర్ల దగ్గరలో ఉండకూడదు. అందుకే మా బీడులో నడిచేది నా ఎండబండి ఒక్కటే. పైకప్పు మీద ఎండపలకలు, కింద నాలుగు చక్రాలు, మధ్యలో నేను. దానికి బుర్ర లేదని సభవాళ్ళు విప్పి చూసి మరీ ముద్ర వేశారు. నన్ను విప్పి చూడలేదు.

ఇద్దరం దారి చూసుకున్నాం. ఎద్దులబోడు మీద చదునైన చోటుంది. ఉదయం ఏడింటికి ఎండ వీపు మీద పడుతుంది, ఎదురుగా కిలోమీటరు మేర గడ్డి. అంతా బాగుంది. ఆ గడ్డిలో సుంకులమ్మ వదిన మంద మేస్తోంది.

"సాక్షి కళ్ళు విప్పగానే గొర్రెలు కనిపిస్తే?" అన్నాడు ఉదయభాస్కర్. "అడవి అని చెప్పి గొర్రెల సంత చూపించామంటారు."

ఆ మాట నిజమేననిపించింది. మందను వంకకు అవతలి పక్కకు తోలించాలని నేనే అన్నాను. ఇది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. ఆయన అనలేదు. నేను అన్నాను.

నమోదు 4. ఇరవై ఏడు రోజులు.

వదినకు చెప్పడానికి పోయాను. గొర్రెపిల్ల కాలిలో ముల్లు తీస్తోంది. తలెత్తలేదు.

"వదినా, ఒక నెల మందను వంక అవతల మేపు."

"ఎందుకప్పా?"

"సాక్షి వస్తాంది. గొర్రెలు కనబడగూడదు."

"నేను కనబడొచ్చునా?"

"నువ్వు కూడా..." అని ఆగాను.

"సరే" అంది. ముల్లు తీసి నా చేతిలో పెట్టింది. సాయంత్రానికల్లా నూట ముప్ఫై ఎనిమిది గొర్రెల్నీ తోలుకుని వంక దాటింది. నాతో మాటలు మానేసింది. మానేసినట్టు చెప్పనన్నా చెప్పలేదు. అదీ మా వదిన.

నమోదు 9. ఇరవై రెండు రోజులు.

కనబడలేదు. ఇది వరసగా నాలుగో ఉదయం. జింకలున్నాయి, ఒక గుంటనక్క వచ్చిపోయింది. పిట్ట లేదు. మబ్బు పట్టింది కదా, వాన వస్తుందేమోనని ఎత్తు మీదికి పోయి ఉంటాయి.

నమోదు 10. కనబడలేదు.

నమోదు 11. కనబడలేదు. మబ్బు పోయింది. వాన రాలేదు.

నమోదు 12. కనబడలేదు. బండి కుడి వెనక చక్రానికి గ్రీజు పెట్టాను. ఏదో ఒక పని చేశానని రాసుకోవాలి కదా.

నమోదు 16. పదిహేను రోజులు.

కనబడలేదు. పదకొండో రోజు.

ఉన్న తొట్లన్నీ తిరిగాను. ఉత్తరాన తోడేళ్ళ అడుగులు, పడమట నెమళ్ళు. బట్టమేక చిన్న పిట్ట కాదు, దాక్కోవడానికి. నిలబడితే నా నడుం దాకా వస్తుంది. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా నిదానంగా నడుస్తుంది. అలాంటిది కిలోమీటరు దూరాన ఉన్నా తెలుస్తుంది.

పుస్తకాల్లో చూద్దామని నా పెట్టె తీశాను. నాకు బడి లేదు. ట్యాంకరు తోలే రోజుల్లో ముందు పోయే లారీల వెనకాల రాతలు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత ఒక మూతబడిన లైబ్రరీకి నీళ్ళు దింపడానికి పోతే, తడిసిపోగా మిగిలిన విజ్ఞాన కోశం సంపుటాలు మూడిచ్చారు. 'అ' నుంచి 'గ' వరకు. కాబట్టి ఇంజన్ల గురించీ ఈజిప్టు గురించీ ఖగోళం గురించీ నాతో ఎవరూ వాదించలేరు. 'చ' నుంచి మొదలయ్యే ప్రపంచమంతా నేను సొంతంగా చూసి తెలుసుకున్నదే. పిట్ట ఆ రెండో భాగంలో ఉంది.

మధ్యాహ్నం ఉదయభాస్కర్ నమోదు పుస్తకం తిరగేశాడు. ఈ పుస్తకం సాక్షితో పాటు సభకు పోతుంది.

"పదకొండు రోజులూ కనబడలేదనే రాశారా?"

"కనబడలేదు కదా."

"మధ్యలో ఒకటి రెండు రోజులు కనబడిందని ఉంటే..."

"సిరా సార్."

"రేపటిది రాయలేదు కదా ఇంకా, పెద్దాయనా."

ఆయనకు కోపం వచ్చిందన్నమాట. ఆయన్ని తప్పుపట్టను. పైపు మూస్తే ఆయన ఉద్యోగం ఇంకో చోట ఉంటుంది, అయినా ఆయనకు నిద్రపట్టడం లేదు. కానీ నా పుస్తకంలో నేను చూడని పిట్ట వాలదు. వాలిందంటే ఏనుగులు కూడా వచ్చేస్తాయి.

నమోదు 24. ఏడు రోజులు.

ఉదయం ఎద్దులబోడు దగ్గర కనబడలేదు. పంతొమ్మిదో రోజు.

వంక అవతలికి వారానికోసారి నీళ్ళ డబ్బాలు దింపాలి. ఇన్ని రోజులూ ఆ పని చీకటి పడ్డాక ఇంకొకరి చేత చేయించాను, వదిన మౌనాన్ని ఎదురుగా చూడలేక. ఈ రోజు ఎవరూ దొరకలేదు. బండి వేసుకుని పోయాను.

వంక గట్టెక్కి బండి ఆపాను. మంద మేస్తోంది. మంద మధ్యలో, రెండు గొర్రెల సందులోంచి తెల్లటి మెడ ఒకటి లేచింది. నల్లటి టోపీ. అటుపక్కన ఇంకొకటి. స్టీరింగు పట్టుకునే లెక్కపెట్టాను. ఆరు.

వదిన గట్టు నీడన కూర్చుని తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటోంది.

"ఇవి ఎప్పటి నుంచి ఇక్కడున్నాయి వదినా?"

"మంద వచ్చిన రెండో రోజునుంచి."

"పంతొమ్మిది రోజులుగా నేను అక్కడ ఎండలో కూర్చుని ఎదురుచూస్తున్నాను."

"తెలుసు. గట్టెక్కితే నీ గొడుగు కనబడతాది."

"చెప్పొచ్చు కదా."

"అడిగినావా?"

"నువ్వు మాట్లాడ్డం లేదు కదా."

"నేను మాట్లాడకపోతే నువ్వు అడగగూడదా? గొర్రెలు అడ్డమని తోలమంటివి. పిట్టలూ వాటి ఎనకే వచ్చె. అవీ అడ్డమేమోలే అనుకొన్యా."

ఆమె చేతికర్రతో చూపించింది. గొర్రె కాలు పడినచోట గడ్డిలోంచి మిడతలు చిటపటమని లేస్తున్నాయి. లేచినదాన్ని లేచినట్టే పిట్ట అందుకుంటోంది. ఒంగి వెతుక్కునే పని లేదు. వడ్డించే మనిషి వెంట విస్తరి కదిలిపోతున్నట్టుంది. డెబ్భై రెండేళ్ళు ఈ మట్టి మీద తిరిగాను. పిట్టను చూశాను, గొర్రెను చూశాను. రెంటినీ కలిపి చూడలేదు. బీడును శుభ్రం చేద్దామని మందను పంపించాను, మందతో పాటు నేనే పిట్టనూ పంపించేశాను.

"మా అత్త చెప్పేది" అంది వదిన, "మంద లేని గడ్డిలో బట్టమేక నిలవదని. మీ పుస్తకాల్లో లేదా?"

"ఆ సంపుటం నా దగ్గర లేదు."

"ఇప్పుడు రాసుకో" అంది. పొడి రొట్టె ఒకటి చేతికిచ్చింది. మాటలు కలిశాయని అర్థం.

నమోదు 27. నాలుగు రోజులు.

మొన్న ఉదయభాస్కర్ ఉపాయం కనిపెట్టాడు. రాత్రంతా ఆలోచించి ఉంటాడు, కళ్ళు ఎర్రగా కనిపించాయి. మందను ఎద్దులబోడుకు తిరిగి తేవాలి. పిట్టలు వెంట వస్తాయి. సాక్షి కళ్ళకు గుడ్డ కట్టుకుని వస్తుంది కదా, అది విప్పడానికి కాస్త ముందుగా మందను బోడు వెనకాలకు తోలెయ్యాలి. పిట్టలు ఇవతల మిగులుతాయి.

పరీక్షించి చూశాం. మంద నిన్ననే వచ్చింది, వెనకే ఆరు పిట్టలూ వచ్చాయి. ఈ ఉదయం ఏడింటికి వదిన మందను బోడు వెనక్కి తోలింది. నేను చెట్టుకొమ్మ నీడ చూసి కాలం కొలిచాను. పిట్టలు కొద్దిసేపు అటూ ఇటూ చూశాయి. గడియలో సగం కాకముందే మగది బయల్దేరింది. మిగతావి దాని వెనక. అంతా బోడు అవతలికి పోయాయి, గొర్రెల దగ్గరికి.

"సగం గడియ చాలు" అన్నాడు ఉదయభాస్కర్. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "పది నిమిషాలు చూసినా చూసినట్టే."

వదిన మందను తోలుకుని ఇవతలికి వచ్చింది. చెమట తుడుచుకుంటూ నా పక్కన నిలబడింది.

"అంటే నన్ను దాపెట్టి పిట్టను చూపిస్తారు."

"పైపు ఉంటుంది వదినా."

"ఎవరికి?"

సభ ఉత్తరంలో రెండో పేజీ ఉంది. పైపు కొనసాగితే తొట్ల చుట్టూ కంచె వేస్తారట, వన్యప్రాణులు తప్ప ఇంకేవీ తాగకుండా. ఆ పేజీ నేనూ ఉదయభాస్కరూ ఇద్దరం చదివాం. ఇద్దరం మడిచి లోపల పెట్టుకున్నాం. పిట్టను చూపిస్తే పైపు ఉంటుంది, కంచె వస్తుంది, మంద పోతుంది. మంద పోతే పంతొమ్మిది రోజులు ఎలా ఉందో నా చేత్తో నేనే రాసుకున్నాను.

వదినకు రెండో పేజీ చదివి వినిపించాను. పూర్తిగా వింది. "మరి నువ్వేం జేస్తావు?" అంది.

"గుడ్డ ఎక్కడ విప్పాలో చెప్పేది మేస్త్రీ. ఇంకెవరికీ ఆ హక్కు లేదు."

"ఎక్కడ విప్పుతావు?"

"నువ్వు మందను ఎప్పుడూ మేపినట్టే మేపు. ఏమీ మార్చొద్దు."

ఈ మాట ఉదయభాస్కర్‌కు చెప్పలేదు. చెబితే ఆయన ఆపాలి, లేదా ఆపనందుకు జవాబు చెప్పుకోవాలి. రెండూ ఆయనకు కష్టమే. రేపటి నుంచి సరంజామా పని: తాగడానికి మనిషికి ఎనిమిది లీటర్లు, జొన్నరొట్టెలు, చనిక్కాయల పొడి, గొడుగు, కాలం కొలిచే గడియకుడుకకు ఒక బేసిన్, అందులోకి నీళ్ళు.

నమోదు 31. సందర్శన.

సరిహద్దు దగ్గర బస్సు దిగేసరికే సాక్షి కళ్ళకు గుడ్డ కట్టుకుని ఉంది. పేరు తాహెరా. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా, నిటారుగా ఉంది. రెండు రోజులుగా కంటి ఉపవాసంలో ఉందట. చూపు తాజాగా ఉండాలని వాళ్ళు అలా చేస్తారు. చెయ్యి పట్టుకుని బండెక్కించాను.

సాక్షితో ఏ జంతువు గురించీ ఒక్క ముక్క మాట్లాడకూడదని నిబంధన. నోట్లో రాయి పెట్టుకుని పొమ్మన్నట్టుంది నా పని. అందుకని ఖగోళం గురించి చెప్పాను. ఈజిప్టు గురించి చెప్పాను. ట్యాంకరు బ్రేకులు పోయి మూడు ఊళ్ళు ఆగకుండా పోయిన కథ చెప్పాను.

"నాలుగో ఊరేమైంది?" అంది.

"ఎత్తు మీద ఉంది మేడం. బండి దానంతటదే ఆగింది."

ఆమె నవ్వింది. కాసేపటికి ముఖం గాలికి తిప్పి, "గొర్రెల వాసన వస్తోంది" అంది.

నేను గంగానది గురించి మొదలుపెట్టాను. 'గ' దాకా నా చదువు ఆ రోజు బాగా పనికొచ్చింది.

ఎద్దులబోడు ఎక్కే దారిలో బండిని కుడికి తిప్పలేదు. నేరుగా గడ్డిలోకి పోనిచ్చాను. వెనక సీట్లో ఉదయభాస్కర్ నా భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు. మూడోసారి భుజం పట్టుకున్నాడు. సాక్షి ముందు ఆయన కూడా మంద మాట ఎత్తకూడదు. మంద అంచున బండి ఆపి, బేసిన్ దింపి, నీళ్ళు పోశాను. సాక్షి సంచిలోంచి గడియకుడుక తీసింది. అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి చిప్ప. నీటి మీద వదిలితే మెల్లగా నిండుతుంది. మునిగిందంటే గడియ అయిపోయినట్టు. అది మునిగేదాకా చూసిందే సాక్ష్యం, ఆ తర్వాత చూసింది లెక్కలోకి రాదు.

"ఇక్కడేనా, మేస్త్రీ?"

"ఇక్కడే."

కుడుక నీళ్ళ మీద పెట్టింది. గుడ్డ విప్పింది. నేను బండి వెనక్కి పోయాను, నిబంధన ప్రకారం.

ఆమె ముందు గొర్రెలున్నాయి. నూట ముప్ఫై ఎనిమిది. వంద అడుగుల దూరంలో మా వదిన కర్ర ఆనించుకుని నిలబడింది. పిట్ట లేదు.

ఉదయం బయల్దేరే ముందు ఆరింటినీ ఇక్కడే చూశాను. ఇప్పుడు లేవు. గడ్డి ఎత్తుగా ఉన్న పల్లంలోకి దిగి ఉంటాయి. సాక్షి వేలితో ఒక్కొక్క గొర్రెనూ లెక్కపెడుతోంది. కుడుకలో పావు వంతు నిండింది. సగమైంది. ఉదయభాస్కర్ బండి చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. నాకూ కూర్చోవాలనిపించింది. తప్పు చేశానా అని కాదు. చోటు సరైనదే. గడియే చిన్నది.

మూడు వంతులు నిండినప్పుడు వదిన మందలోంచి ఒక ముసలి గొర్రె ఇటు తిరిగింది. నీళ్ళ వాసన పట్టింది. తిన్నగా నడిచి వచ్చి బేసిన్‌లో మూతి పెట్టింది.

ఉదయభాస్కర్ లేవబోయాడు. సాక్షి చెయ్యెత్తి ఆపింది. తన ఎదుట జరిగేదాన్ని సాక్షి మార్చకూడదు, ఇంకెవరినీ మార్చనివ్వకూడదు. గొర్రె తాగింది. దాన్ని చూసి ఇంకో రెండు వచ్చాయి. బేసిన్‌లో నీళ్ళు దిగిపోతున్నకొద్దీ కుడుక కిందికి దిగి అడుగున కూర్చుంది. అందులోకి నీళ్ళు ఎక్కడం మానేసి, ఎక్కిన నీళ్ళే బెజ్జంలోంచి బయటికి జారడం మొదలుపెట్టాయి. గడియ వెనక్కి నడవడం నా జీవితంలో చూడ్డం అదే మొదటిసారి.

సాక్షి కుడుక వైపు చూసింది. మునగలేదు. తల తిప్పి మళ్ళీ మంద వైపు చూసింది.

ఎండ ఒక బారెడు పైకెక్కింది. మంద కదిలి పల్లం అంచుకు చేరింది. మిడతలు లేచాయి. అప్పుడు గడ్డిలోంచి ఒక మెడ. తర్వాత ఇంకొకటి. ఆడవి ఐదూ వరసగా వచ్చి గొర్రెల మధ్యలోకి చేరాయి. చివరికి మగది వచ్చింది. రెండు అడుగులు వేసి నిలబడింది. తోక వీపు మీదికి ఎత్తి, మెడ ఉబ్బించింది. గొంతు కింది సంచి తెల్లగా నిండి మోకాళ్ళ దాకా వేలాడింది. గుమ్మని ఒక శబ్దం, నేలలోంచి వచ్చినట్టు. కాళ్ళ కింద తెలిసింది. పక్కన గొర్రె తలెత్తి కూడా చూడలేదు. వదిన ముక్కు చీదింది.

తాహెరా మేడం కళ్ళు తుడుచుకోలేదు. సాక్షులు తుడుచుకోరట, చూపు తెగుతుందని. కన్నీళ్ళు చెంపల మీదుగా కారి గడ్డం నుంచి పడ్డాయి.

మంద కదిలి పోయాక ఆమె తన సీసాలోని నీళ్ళు బేసిన్‌లో పోసింది. కుడుక తేలి, నిండి, మునిగింది. అప్పుడు లేచి, ఆచారం ప్రకారం, అక్కడున్నవాళ్ళు వినేలా సాక్ష్యం చెప్పింది:

"బట్టమేక పిట్టలు ఆరు. అందులో మగది ఒకటి. గొర్రెలు నూట ముప్ఫై ఎనిమిది. మనిషి ఒకరు, స్త్రీ, చేతిలో కర్ర. గొర్రె నడిచిన చోట మిడత లేచింది. మిడత లేచిన చోటికి పిట్ట వచ్చింది. మంద దగ్గరికి రాకముందు ఆ చోట పిట్టను నేను చూడలేదు. మంద పోయాక కూడా చూడలేదు."

నా నమోదు పుస్తకం అడిగి తీసుకుంది. పంతొమ్మిది ఖాళీ రోజులున్న పేజీల దగ్గర వేలు పెట్టి, "ఈ రోజుల్లో మంద ఎక్కడుంది?" అంది. గడియ అయిపోయింది కాబట్టి మాట్లాడొచ్చు. చెప్పాను. తలూపి పుస్తకం మూసింది.

తిరుగు దారిలో ఉదయభాస్కర్ ఒక్కటే అన్నాడు: "చెప్పి చేసి ఉండొచ్చు కదా, మేస్త్రీగారూ." పెద్దాయనా అనలేదు.

కొత్త పుస్తకం, నమోదు 1.

పదమూడు రోజులకు సభ మనిషి నిర్ణయం తెచ్చాడు. ఉదయభాస్కరూ వదినా నేనూ తొట్టి పక్కన నిలబడి విన్నాం. కంఠతా పట్టుకొచ్చింది గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. పైపు ఉంటుంది. కంచె ఉండదు. ఎర్రబీడులో నీటికి అర్హమైన ప్రాణుల జాబితా సవరించారు. బట్టమేక పిట్ట, ఆరు. మనిషి, సుంకులమ్మ, ఒకటి. గొర్రె, నూట ముప్ఫై ఎనిమిది. కృష్ణజింక, తోడేలు, మిగతావి పాత లెక్క ప్రకారం. గుడిసెల్లోని తక్కినవాళ్ళనూ వాళ్ళ మందలనూ సాక్షి చూడలేదు కనుక చేర్చలేదు. వాళ్ళ కోసం ఇంకో సాక్షి వస్తుంది. అందాకా ఎవరి నీళ్ళూ ఆపరు.

ఉదయభాస్కర్ తొట్టి గట్టు మీద కూర్చుని రెండు చేతులతో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"నన్ను జంతువుల లిస్టులో రాసినారా?" అంది వదిన.

"రాశారు. పిట్ట కింద, గొర్రె పైన."

ఆలోచించింది. "పిట్ట కిందైతే పరవాలేదు. నీ పేరు యాడుంది?"

"లేదు. గడియ నడుస్తున్నంతసేపూ నేను బండి వెనకాల ఉన్నాను. సాక్షి నన్ను చూడలేదు."

"మరి నీకు నీళ్ళెట్లా?"

"రెండో సాక్షి వస్తుందిగా."

"అప్పుడు కూడా బండి ఎనకాలే నిలబడతావా?" వదిన తన చేతికర్ర నా చేతికిచ్చింది. ఇంకో కర్ర గుడిసెలో ఉందట. "బండి ఆ సారు తోల్తాడు. నువ్వు రేపటినుంచి మంద ఎనక నడువు. సాక్షమ్మ వచ్చేలోపల గొర్రెలు నిన్ను గుర్తుపట్టాల."

"నేను మేస్త్రీని వదినా. చోటు చూసి నిలబడతాను. ఏ పక్కన నిలబడమంటావు?"

"వాగకుండా నిలబడు, చాలు. యా పక్కయితేనేం" అంది.